కంటిన్యుటీ

నా ఉద్యోగం చిన్నది.
టేకుకీ టేకుకీ మధ్య
కప్పులో టీ ఎంత దిగిందో
చొక్కా చెయ్యి ఎన్ని మడతలుందో
ఫోటో తీసి, వెనక రాసిపెట్టడం.
లేకపోతే తెరమీద మనిషి
మాట పూర్తయ్యేలోపే వేరే మనిషైపోతాడు.

న్యూపోర్ట్‌లో, అస్క్ నది నీళ్లు తీసినప్పుడల్లా
బురద వాసన కొట్టే వీధిలో
ఆరు వారాలకి అద్దెకు తీసుకున్న ఇల్లు.
ఫోస్టర్ ఇంట్లో ఎదిగే ముగ్గురు పిల్లల కథ.
ఇద్దరు నటులు.
మూడో పిల్ల లౌరి, పదహారేళ్లు, నటి కాదు.
అలాంటి ఇళ్లు ఏడు చూసొచ్చింది.
ఏడిళ్లు. ఇంటిపేరు మాత్రం ఒక్కటే,
అది ఏ ఇంటిదో తనకే తెలీదు.

మొదటి రోజు, సీను పన్నెండు.
కొత్తింటికి వచ్చిన పిల్ల
రాత్రిపూట ఫ్రిజ్ తెరిచి పాలు తాగాలి.
లౌరి చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్లి ఆగిపోయింది.
"అడక్కుండా తియ్యరు," అంది.
డైరెక్టర్ గ్విలిమ్ నవ్వాడు.
"సరే, ఎన్నాళ్లు అడుగుతారు?"
"ఒక ఇంట్లో మూడేళ్లున్నా.
వెళ్లిపోయే రోజు పొద్దున కూడా అడిగా."
ఎవరూ ఏమీ అనలేదు. లైట్‌బాయ్ దగ్గాడు.
స్క్రిప్టులోంచి పాలు పోయాయి.
నేను రాసుకున్నాను:
ఫ్రిజ్ తలుపు, మూసి ఉంది.

వీడ్కోలు సీనుకి వాన కావాలన్నారు.
బయట నిజంగానే కురుస్తోంది,
కానీ అసలు వాన కెమెరాకి ఆనదట.
వాన మిషను తెప్పించి
వానలోనే వాన కురిపించారు.
అమ్మ వేషం వేసిన మైనిర్
నాలుగు టేకుల్లోనూ ఎడమకంటితోనే మొదలెట్టి ఏడ్చింది.
గొప్ప నటి. నేను లెక్కపెట్టాను.
లౌరి ఏడవలేదు.
సంచీ జిప్పు తీసి, వేసి, మళ్లీ తీసి
లోపల చెయ్యి పెట్టి వెతుక్కుంది.
"కొంచెం బాధ చూపించమ్మా," అన్నాడు గ్విలిమ్.
"చూపిస్తున్నాగా," అంది.
"ఛార్జరు మర్చిపోతే మళ్లీ పంపరు."

ఆ మధ్యాహ్నం వ్యాను మెట్టు మీద కూర్చుని
నా ఫోటోల డబ్బా ఒళ్లోకి లాక్కుంది.
"నిన్నట్లాగే ఉన్నానా లేదా చూడ్డానికి
ఇన్ని తీస్తావా?"
"అదే పని."
"నాకు ఆరేళ్లప్పటి ఫోటో ఒకటుంది.
తర్వాతది పదకొండేళ్లకి, స్కూల్లో.
పాలపళ్లు ఎప్పుడూడాయో తెలీదు."
మా భాషలో దీనికో పేరుంది.
నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

రూలు ప్రకారం ఫోటోలు కంపెనీవి.
ఆఖరి రోజు రెండొందల పన్నెండు ఫోటోలు
బిస్కట్ల డబ్బాలో పోసి ఇచ్చాను.
బస్టాపు బల్లమీద పేకముక్కల్లా పరిచింది.
ముఖాలు చూడలేదు. తిప్పి తిప్పి
వెనక నా కోడిగీతలు చదివింది.
ఎడమ చెవి వెనక జుట్టు.
జిప్పు సగం.
కుడి మోకాలు మీద మట్టి, తుడవద్దు.
"ఇదంతా నా గురించేనా?"
అంకెల వరసలో పేర్చుకుంటూ పోయి
టక్కున ఆగింది.
"ముప్పై ఒకటో సీను, మూడో టేకు లేదు."

ఉంది. నా కోటు జేబులో.
ఆ రోజు షాట్‌కి ముందు
నన్నడక్కుండా, నా వైపైనా చూడకుండా
నా టిఫిను డబ్బా మూత తీసి
జున్ను సాండ్‌విచ్ సగం నోట్లో కుక్కుకుంది.
రెండో టేకులో లేని బుగ్గ
మూడో టేకులో ఉబ్బి ఉంది.
ఎడిటింగ్ రూములో తిట్లు తిన్నాను.

తీసి చూపించాను.
చాలాసేపు చూసింది.
"ఉంచుకో," అంది,
"ఎవరింట్లోనైనా ఒకటుండనీ."
బస్సు ఎక్కింది. తలుపు మూసుకుంటుంటే
అద్దం అవతల ఇంకేదో అంది.
వినబడలేదు.
చేతిలో పెన్నుంది. రాసుకోలేదు.